బ్రాస్ అనీలింగ్: నెక్‌కి ఎంత వేడి, ఎంతసేపు? హెడ్ మెత్తబడకుండా ఎలా?

సీటింగ్‌స్టెమ్ అడిగారు:

రైఫిల్ తూటాలని మళ్లీ నింపి వాడుతుంటాను. నా దగ్గరున్నవి .308 వించెస్టర్ బ్రాస్, అంటే పేలాక మిగిలే ఖాళీ ఇత్తడి కేసులు. అన్నీ ఒకే తయారీ, ఒకే లాట్, ఒక్కోటీ నాలుగైదుసార్లు పేలినవి. ఇంతవరకు అనీలింగ్ (వేడి చేసి ఇత్తడిని మెత్తబరచడం) చేయలేదు. ఇప్పుడు సైజింగ్ డై (ఉబ్బిన కేసుని మళ్లీ కొలతకి నొక్కే అచ్చు) సెట్టింగ్‌ని ముట్టుకోకపోయినా షోల్డర్ (బుల్లెట్‌ని పట్టే మూతి అయిన నెక్‌కి కింద వాలుగా ఉండే భాగం) వెనక్కి జరిగే కొలత ఒక్కో కేసుకి ఒక్కోలా వస్తోంది. ఒకదానికి 0.001 అంగుళం, పక్కదానికి 0.003. బుల్లెట్‌ని నెక్‌లోకి దించి సీట్ చేస్తుంటే ఒకటి మెత్తగా దిగుతోంది, ఇంకోటి ప్రెస్ లివర్‌ని బలంగా నొక్కితే తప్ప కదలడం లేదు. కొన్నింటికి నెక్ అంచు నుంచి నిలువుగా సన్నటి చీలిక కూడా వచ్చింది.

చేతిలో ప్రొపేన్ టార్చ్, కార్డ్‌లెస్ డ్రిల్ ఉన్నాయి. తెలుసుకోవాల్సినవి ఇవి: నెక్ ఎంత వేడెక్కాలి? రంగు మారడం చూసి ఆపేస్తే సరిపోతుందా? వేడి కేసుని వెంటనే నీళ్లలో వేయాలా? డీప్రైమింగ్ (కేసు అడుగున పౌడర్‌ని అంటించే ప్రైమర్‌ని తీయడం), క్లీనింగ్, సైజింగ్ వరసలో ఇది ఎక్కడ రావాలి? చీలిక వచ్చినవి అనీలింగ్‌తో బాగుపడతాయా?

---

సన్నమంట జవాబు:

ముందు చివరి ప్రశ్నకి. చీలిన నెక్ ఏం చేసినా అతుక్కోదు. వాటిని ప్లయర్స్‌తో నొక్కి చదును చేసి పక్కన పడేయండి, పొరపాటున మళ్లీ డబ్బాలో కలవకుండా. అదే లాట్‌లో మిగతావాటి నెక్‌లు కూడా దాదాపు అదే స్థితిలో ఉంటాయి కాబట్టి, అనీలింగ్‌కి ముందు ఒక్కోదాని నెక్‌ని మంచి వెలుతురులో తిప్పి చూడండి.

మీరు చెప్పిన మూడు లక్షణాలకీ కారణం ఒకటే. మన కేసుల ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు. ఈ లోహం వంగిన ప్రతిసారీ కొంచెం గట్టిపడుతుంది. పేలినప్పుడు నెక్ ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే చోటు) గోడ దాకా ఉబ్బుతుంది, సైజింగ్ డై దాన్ని నొక్కుతుంది, డై లోపలి ఎక్స్‌పాండర్ మళ్లీ తెరుస్తుంది, బుల్లెట్ ఇంకాస్త తెరుస్తుంది. తీగని అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి ఎలా విరుగుతుందో, నెక్ చీలడం కూడా అంతే. చీలకముందు వచ్చే దశలో మీరున్నారు. ఇత్తడి బిరుసెక్కే కొద్దీ డై నొక్కినంతా నిలవదు, కొంత వెనక్కి తన్నుకొస్తుంది. ఆ తన్నుడు అన్ని కేసుల్లో ఒకేలా ఉండదు కాబట్టే మీ షోల్డర్ కొలతలూ, సీటింగ్ బలమూ చెదిరిపోతున్నాయి.

అనీలింగ్ అంటే నెక్‌నీ షోల్డర్‌నీ మాత్రమే కాసేపు బాగా వేడి చేసి, గట్టిపడిన లోహపు రేణువులు మళ్లీ కొత్తగా ఏర్పడేలా చేయడం. హెడ్‌కి, అంటే ప్రైమర్ ఉండే మందమైన అడుగు భాగానికి, మాత్రం ఆ వేడి చేరకూడదు. .308కి గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఛాంబర్ గోడ ఆసరా లేకుండా ఆ భారాన్ని మోసే లోహం హెడ్ ఒక్కటే. అది గట్టిగా ఉండటం వల్లే ప్రైమర్ పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) బిగువుగా ఉంటుంది. హెడ్ మెత్తబడితే పాకెట్ సాగుతుంది, ప్రైమర్ ఊడుతుంది, గ్యాస్ వెనక్కి రైఫిల్ బోల్ట్ వైపు తన్నుతుంది. అందుకే కేసులని ఒవెన్‌లో పెట్టి వేడి చేయడం అనే ఆలోచన ఎక్కడ కనబడినా దరిచేరనివ్వకండి. అక్కడ హెడ్, నెక్ రెండూ ఒకే వేడికి చేరతాయి, గంటసేపు అయితే 300 డిగ్రీల సెల్సియస్ కూడా హెడ్‌ని పాడు చేయడానికి చాలు.

వరస ఇలా పెట్టుకోండి: డీప్రైమింగ్, క్లీనింగ్, పూర్తిగా ఆరబెట్టడం, అనీలింగ్, ల్యూబ్ (జారుడు పూత), సైజింగ్, ట్రిమ్మింగ్ (పెరిగిన పొడవు కత్తిరించడం), చాంఫర్ (కత్తిరించిన అంచుని ఏటవాలుగా చెక్కడం). డీప్రైమింగ్ ముందే అవ్వాలనడానికి పెద్ద కారణం భద్రత. పేలని ప్రైమర్ ఒక్కటి మంటలోకి వెళ్లినా అది పేలుతుంది. పాకెట్ ఖాళీగా ఉందని ప్రతి కేసునీ కంటితో చూశాకే టార్చ్ దగ్గరికి తీసుకురండి. పౌడర్ డబ్బాలు, ప్రైమర్లు, లోడ్ చేసిన రౌండ్లు ఆ గదిలోనే ఉండకూడదు.

ఇక పని. .308 హెడ్ వ్యాసం సుమారు 12 మి.మీ. కాబట్టి నట్లు తిప్పే 13 మి.మీ. సైజు పొడవాటి (డీప్) సాకెట్ సరిపోతుంది (.223 అయితే 10 మి.మీ.). దాన్ని అడాప్టర్‌తో డ్రిల్‌కి బిగించండి. షోల్డర్, దాని కింద బాడీ ఒక సెంటీమీటరు బయటికి కనిపించేలా, సాకెట్ అడుగున ఒక బోల్ట్ తల వేసి లోతు సరిచేసుకోండి. టార్చ్‌ని చేతిలో పట్టుకోకుండా బల్లకి గట్టిగా బిగించండి. మంట లోపలి నీలి కోన్ మొన నెక్, షోల్డర్ కలిసే చోటుకి గురి పెట్టి, మొనకీ ఇత్తడికీ మధ్య 8, 10 మి.మీ. ఖాళీ ఉంచండి. డ్రిల్ నెమ్మదిగా, సెకనుకి ఒకటి రెండు చుట్లు తిరిగితే చాలు. టార్చ్‌ని బట్టి ఒక్కో కేసుకి 4 నుంచి 7 సెకన్లు పడుతుంది. సమయం అయిపోగానే డ్రిల్ వంచి కేసుని లోహపు పళ్లెంలోకి జార్చండి. చెక్క మీదా ప్లాస్టిక్ మీదా వద్దు. గది కిటికీలు తెరిచి ఉంచండి, కానీ గాలి నేరుగా మంటకి తగలకూడదు. మంట ఊగితే మీ సెకన్ల లెక్క అంతా పోతుంది.

నీళ్ల విషయం. ఉక్కు నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, ఇత్తడి అలా కాదు. ముంచినా ముంచకపోయినా దాని మెత్తదనం మారదు. నెక్‌లో ఉన్న లోహం చాలా తక్కువ, హెడ్‌లో ఎక్కువ. 5, 6 సెకన్ల వేడి కేసు అంతా పరచుకున్నా హెడ్ చేతితో పట్టుకోలేనంత కాలవచ్చు గానీ మెత్తబడే స్థాయికి రాదు. నీళ్లలో వేస్తే తర్వాత ఆరబెట్టే పని ఒకటి పెరుగుతుంది, అంతే. గాలికే చల్లారనివ్వండి.

---

టెంపర్‌లైన్ జవాబు:

సన్నమంట గారు చెప్పినదంతా సరే. ఉష్ణోగ్రత గురించి కొంచెం విడమరచి చెప్పాలి, ఎక్కువమంది తడబడేది అక్కడే.

"ఇత్తడి ఫలానా డిగ్రీల దగ్గర అనీల్ అవుతుంది" అని ఒకే అంకె చెప్పడం కుదరదు. వేడి, సమయం రెండూ కలిసి పని చేస్తాయి. గంటసేపు ఉంచితే 300 దగ్గరే మార్పు జరిగిపోతుంది. మనకి దొరికే 5 సెకన్లలో అదే మార్పు రావాలంటే వేడి బాగా పెరగాలి. టార్చ్‌తో చేసేటప్పుడు నెక్ కనీసం 400 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నా లెక్కలో 400 అనేది గడప లాంటిది, అక్కడే ఆగితే నెక్ సగం మెత్తబడి సగం బిరుసుగా మిగులుతుంది. 500 దాటి కొద్దిగా పైకి వెళ్లి వెంటనే మంట వదిలితే ఫలితం నిలకడగా వస్తుంది. అదే సమయంలో హెడ్ 250 లోపే ఉండాలి.

రంగుని నమ్మకండి. ఆ నీలి, గోధుమ రంగు మరక పైన ఏర్పడే ఆక్సైడ్ పొర మాత్రమే. అది తక్కువ వేడికే మొదలవుతుంది. కేసు ఎంత శుభ్రంగా ఉంది, మెరుగు ద్రవం ఏమైనా మిగిలిందా, గదిలో వెలుతురు ఎలా ఉంది అన్నదాన్ని బట్టి ఒకే వేడికి వేర్వేరుగా కనిపిస్తుంది. మరక ఎంత కిందకి దిగిందో చూడటం వరకు దానితో ఉపయోగం ఉంది. షోల్డర్ కింద 3 నుంచి 6 మి.మీ. దగ్గర ఆగితే మంచిది, బాడీ సగానికి దిగితే ఎక్కువసేపు ఉంచారని అర్థం. కొత్త కేసుల మీద కొన్ని తయారీదారులు ఆ మరకని అలాగే వదిలేస్తారు, కొందరు పాలిష్ చేసి తీసేస్తారు. మరక లేదంటే అనీలింగ్ జరగలేదని కాదు.

సమయం కుదర్చడానికి రెండు దారులున్నాయి. మొదటిది, వేడిని చూపే పూత. టెంపిలాక్ లాంటి పూతల్లో 750 డిగ్రీల ఫారెన్‌హీట్‌ది (దాదాపు 400 సెల్సియస్) నెక్ లోపలి గోడకి సన్నగా రాయండి. బయట రాస్తే మంట నేరుగా తగిలి ముందే కరిగిపోతుంది, అబద్ధం చెబుతుంది. 450 ఫారెన్‌హీట్‌ది (సుమారు 232 సెల్సియస్) షోల్డర్ కింద 6 మి.మీ. దిగువ నుంచి హెడ్ వైపు ఒక గీతలా బయట రాయండి. లోపలి పూత కరగాలి, కింది గీత పైభాగం కొంచెం కరిగినా హెడ్ వైపుది చెక్కు చెదరకూడదు. పూత బాగా ఆరాకే మంట పెట్టండి.

రెండోది చీకటి గది. పారేయాల్సిన కేసు ఒకటి తీసుకుని, దీపాలన్నీ ఆర్పి, టార్చ్ వెలుగు కంటికి నేరుగా పడకుండా అడ్డం పెట్టి తిప్పండి. ఇత్తడి కంటికి కనీ కనబడనట్టు మసక ఎరుపు ఎక్కే క్షణం 500 డిగ్రీలు దాటిన చోట వస్తుంది. అక్కడికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కించి, దాన్నించి అర సెకను తగ్గించండి. అదే మీ సమయం. వెలుతురున్న గదిలో ఎరుపు కనిపించిందంటే అప్పటికే హద్దు దాటేసింది. లెక్కకి ఫోన్‌లో మెట్రోనోమ్‌ని నిమిషానికి 120కి పెడితే ప్రతి చప్పుడూ అర సెకను. నోటితో ఒకటి, రెండు అని లెక్కించేవాళ్ల చేతిలో కేసులు ఒకేలా రావు.

చాలామంది గమనించనిది ఒకటి ఉంది. టార్చ్ సిలిండర్ వాడేకొద్దీ చల్లబడుతుంది, లోపలి ఒత్తిడి తగ్గుతుంది, మంట బలం కూడా తగ్గుతుంది. ఇటు సాకెట్ వేడెక్కుతూ పోతుంది. మొదటి కేసుకి కుదిర్చిన సమయం యాభయ్యో కేసుకి సరిపోదు. ప్రతి 20, 25 కేసులకి ఒకసారి ఆపి, సాకెట్ చల్లారనిచ్చి, ఇంకో పాత కేసుతో సమయం మళ్లీ సరిచూడండి.

---

బుషింగ్డై జవాబు:

అనీలింగ్ అయిన వెంటనే పాత సెట్టింగ్‌తోనే మొత్తం బ్యాచ్ సైజ్ చేయకండి. ఇత్తడి వెనక్కి తన్నడం తగ్గింది కాబట్టి, అదే డై ఇప్పుడు షోల్డర్‌ని ఎక్కువ వెనక్కి తోస్తుంది. నిన్న 0.001 జరిపిన డై ఇవాళ 0.003, 0.004 జరపవచ్చు. అలా చేసిన బ్రాస్ పేలిన ప్రతిసారీ హెడ్ పైన సాగి, అక్కడే పలచబడుతుంది. రెండు మూడు కేసులు సైజ్ చేసి, కంపారేటర్‌తో (అడుగు నుంచి షోల్డర్ దాకా కొలిచే పరికరం) కొలిచి, డైని పైకి తిప్పుకోండి. బోల్ట్ రైఫిల్‌కి 0.001 నుంచి 0.002 చాలు.

ఇంకోటి, నెక్ లోపలి భాగం. స్టీలు పిన్నులతో తడిగా కడిగి, ఆపైన అనీల్ చేసిన నెక్ లోపల కార్బన్ పొర ఏమీ ఉండదు. ఎక్స్‌పాండర్ పొడిగా లాగితే కీచుమంటుంది, నెక్ పక్కకి లాగబడుతుంది. మెత్తని నెక్ కాబట్టి ఇంకా తొందరగా లాగబడుతుంది. మైకా లేదా గ్రాఫైట్ పొడిని నైలాన్ బ్రష్‌తో ఒకసారి లోపల తిప్పండి. పొడవు కూడా చూసుకోండి, .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, ట్రిమ్ కొలత 2.005.

---

సీటింగ్‌స్టెమ్:

చాలా ఉపయోగపడింది, ముగ్గురికీ ధన్యవాదాలండీ. మరో మూడు సందేహాలు. అతిగా మెత్తబడిందో లేదో కొలిచే యంత్రం లేకుండా ఎలా తెలుస్తుంది? ప్రతిసారీ చేయాలా, కొన్నిసార్లకి ఒకసారా? ఇండక్షన్ యంత్రం కొనడం, లేదా కరిగించిన ఉప్పులో ముంచడం, వీటి సంగతేంటి?

---

టెంపర్‌లైన్ జవాబు:

పరీక్షకి రెండు కేసులు బలి ఇవ్వండి. ఒకటి అనీల్ చేయనిది, ఒకటి మీ కొత్త సమయంతో చేసింది. ప్లయర్స్‌తో నెక్ అంచుని కొద్దిగా అండాకారం వచ్చేలా నొక్కి వదలండి. బిరుసుది దాదాపు గుండ్రంగా వెనక్కి వస్తుంది. సరిగ్గా ఉన్నది కొంత వెనక్కి వచ్చి, కొంత నొక్కుగా మిగులుతుంది. నొక్కినంతా అలాగే ఉండిపోయి, అసలు తన్నకపోతే అతిగా మెత్తబడింది. ఇది చేతి అంచనా మాత్రమే. దీనికన్నా నమ్మదగింది బుషింగ్ (డైలో నెక్‌ని నొక్కే, మార్చుకోగల వలయం) లెక్క: సైజ్ చేశాక నెక్ బయటి వ్యాసం మైక్రోమీటర్‌తో కొలవండి. బిరుసు నెక్ బుషింగ్ కొలత కన్నా 0.001 దాకా పెద్దగా వస్తుంది, సరైన అనీలింగ్ తర్వాత ఆ తేడా తగ్గుతుంది, ముఖ్యంగా అన్ని కేసుల్లో ఒకేలా వస్తుంది. పది కేసులు కొలిస్తే మీ టార్చ్ పని ఎంత నిలకడగా ఉందో తెలిసిపోతుంది.

అతిగా మెత్తబడ్డ నెక్‌ని తేలిగ్గా తీసుకోకండి. మ్యాగజీన్‌లో రికాయిల్ (తుపాకీ వెనక్కి తన్నే) దెబ్బకి బుల్లెట్ లోపలికి జారవచ్చు. లోపలి జాగా తగ్గితే పీడనం పెరుగుతుంది. నెక్ ఉపరితలం నారింజ తొక్కలా గరుకుగా కనిపిస్తే రేణువులు మితిమీరి పెరిగాయని అర్థం, ఆ కేసు మళ్లీ పనికిరాదు. బాడీలో కింద దాకా మరక దిగిన కేసు కూడా అంతే, అనుమానం ఉంటే నలిపి పారేయండి.

ఎన్నిసార్లకి అంటే: దూరపు గురికి, ఒకే రకంగా రావాలనుకుంటే ప్రతి పేలుడు తర్వాత. నెక్‌లు చీలకుండా ఉంటే చాలనుకుంటే మూడు నాలుగుసార్లకి ఒకసారి. ఏది ఎంచుకున్నా డబ్బాలో ఉన్నవన్నీ ఒకేసారి చేయండి. చేసినవీ చేయనివీ కలిస్తే ఇప్పుడు మీరు చెప్పిన సమస్యే తిరిగి వస్తుంది.

---

సన్నమంట జవాబు:

ఇండక్షన్ (విద్యుత్ కాయిల్‌తో వేడి చేయడం) మంచిదే. కాయిల్‌లో కేసు ఎంత లోతు దిగాలో స్టాప్‌తో నిలబెడతారు, సమయం యంత్రమే చూసుకుంటుంది, సిలిండర్ చల్లబడే గొడవ లేదు. కానీ దానికి కూడా సమయం మీరే కుదర్చాలి. నెక్ మందం తయారీని బట్టి మారుతుంది, కాబట్టి ఒక లాట్‌కి పెట్టిన అంకె ఇంకో లాట్‌కి తప్పుతుంది. నెక్ టర్నింగ్ (నెక్ గోడని బయట చెక్కి పలచబరచడం) చేసినా అంతే, లోహం తగ్గింది కనుక సమయం కూడా తగ్గాలి. నికెల్ పూత ఉన్న కేసులు ఏ పద్ధతికీ అనువు కావు. మసక ఎరుపు సరిగా కనిపించదు, పూత పెళుసుగా ఉండి నెక్ దగ్గర పగులుతుంది. ఉక్కు, అల్యూమినియం కేసుల జోలికి వెళ్లకండి.

కరిగించిన ఉప్పు పద్ధతి సమంగా వేడి ఇస్తుంది, అది నిజం. నైట్రేట్ ఉప్పుల మిశ్రమాన్ని 500 డిగ్రీల పైన ఉంచి నెక్‌ని కొన్ని సెకన్లు ముంచుతారు. నేను మాత్రం సిఫార్సు చేయను. కేసులో ఒక్క నీటి చుక్క మిగిలినా అది ఆవిరై కరిగిన ఉప్పుని మొహం మీదికి చిమ్ముతుంది. ఆ ఉప్పు ఆక్సిజన్ వదిలే పదార్థం, ల్యూబ్, నూనె, మీడియా (కేసులని రుద్ది శుభ్రం చేసే గింజలు) ముక్కలు తగిలితే మండిపోతుంది. టార్చ్‌తో వచ్చే ఫలితానికి ఆ ప్రమాదం అవసరం లేదు.

నీళ్ల పళ్లెంలో కేసులు నిలబెట్టి టార్చ్‌తో వేడి చేసి పడగొట్టే పాత పద్ధతి హెడ్‌ని కాపాడుతుంది గానీ, కేసు తిరగదు కాబట్టి మంట వైపు ఒకలా, వెనక ఒకలా మెత్తబడుతుంది.

నెక్‌ల చీలిక గురించి ఇంకో మాట. అది పేలినప్పుడే రావాలని లేదు, లోడ్ చేసి పెట్టిన రౌండ్లలో కూడా వస్తుంది. బుల్లెట్ నెక్‌ని లాగి పట్టి ఉంచుతుంది, ఆ ఒత్తిడికి అమోనియా తోడైతే ఇత్తడి రేణువుల అంచుల వెంట పగులుతుంది. బ్రిటిష్ కాలంలో భారత్‌లో వానాకాలంలో గుర్రపుశాలల్లో నిలవ ఉంచిన తూటాలు ఇలాగే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, కేసుల్లో మిగిలిన ఒత్తిడి కలిసి దీనికి కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మల్లిన్సన్ వివరించారు. విరుగుడు కూడా మనం చేస్తున్నదే, ఇత్తడిని వేడి చేసి ఒత్తిడి తీయడం. కాబట్టి అమోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌లతో కేసులు మెరిపించకండి, కేసులు శుభ్రం చేసే టంబ్లర్ మీడియాలో కూడా కలపకండి.

---

బుషింగ్డై జవాబు:

సీటింగ్‌స్టెమ్ గారూ, మీ బ్యాచ్ ఇప్పటికే 0.003 దాకా జరిగిన కేసులతో పేలి ఉంటుంది కదా. అనీలింగ్ మొదలుపెట్టే ముందే ప్రతి కేసు లోపల హెడ్ పైన గోడని చూడండి. పేపర్ క్లిప్ ఒకటి సాగదీసి, చివర 2 మి.మీ. వంచి, మొన పదును చేసి, లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి లాగండి. ఎక్కడైనా గుంటలో పడ్డట్టు చిక్కుకుంటే అక్కడ గోడ పలచబడింది. బయట ఆ చోట మెరిసే వలయం కూడా కనిపిస్తుంది. నెక్ ఎంత బాగా అనీల్ చేసినా ఆ గోడ మళ్లీ మందం కాదు, తర్వాతి పేలుడులో కేసు రెండుగా విడిపోవచ్చు. ఒక్క కేసులో దొరికినా ఆ లాట్ మొత్తం అలా తడిమాకే టార్చ్ వెలిగించండి.